తాగునీటికి బాట వేసిన విశ్వేశ్వరయ్య

కృష్ణరాజసాగర్ పేరు చెప్పగానే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు గుర్తుకు వస్తారు. పట్టణాల ప్రజలకు శుభ్రమైన నీరు అందించడానికి ఆయన చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఆయన పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. కుటుంబం మైసూరు సంస్థానానికి తరలిపోగా, 1861 సెప్టెంబర్ 15న ముద్దేనహళ్ళిలో ఆయన జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరులో చదువు సాగించారు. పూనాలో ఇంజనీరింగు పూర్తిచేసి 1884లో బొంబాయి ప్రభుత్వ పనుల శాఖలో చేరారు.

ఇసుకే వడపోత

1894లో ఆయనను సింధులోని సక్కర్‌కు పంపారు. నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఈ పట్టణం సింధునది ఒడ్డునే ఉంది. అయినా నది నీరు బురదగా ఉండేది. వడపోత తొట్లు కట్టించే స్తోమత పురపాలక సంఘానికి లేదు. విశ్వేశ్వరయ్యగారు ఒడ్డుకు దగ్గరగా నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరి వచ్చే నీరు తేటపడి బావిలోకి చేరింది. దానిని యంత్రాలతో కొండమీది తొట్టికి ఎక్కించి, అక్కడి నుంచి గొట్టాల ద్వారా ఊరికి వదిలారు. డబ్బు లేదన్న సాకుతో ప్రజలకు మురికినీరు తాగించనక్కర లేదని ఆ పని రుజువు చేసింది.

మూసీ వరద తరువాత

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలుపుపై విశ్వేశ్వరయ్యగారు 1909లో నగరానికి వచ్చారు. వరదను ఆపడానికి నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదులపై జలాశయాలు కట్టాలని సూచించారు. నగరమంతటికీ మురుగుకాలువల పథకం కూడా తయారుచేశారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరద కోసం తలపెట్టిన ఈ చెరువులే నగరానికి తాగునీటి ఆధారమయ్యాయి. ఎత్తున ఉన్నందున వాటి నీరు పంపుల అవసరం లేకుండానే వడపోత కేంద్రాలకు పారేది.

మంచినీరు, మురుగునీరు రెండింటి గురించీ ఒకేసారి ఆలోచించాలన్నది ఆయన పనిలో కనిపించే పాఠం. దానిని మరిస్తే ఏమవుతుందో హుస్సేన్‌సాగర్ చూపింది. 1930 వరకు నగరానికి తాగునీరిచ్చిన ఆ చెరువు తరువాత మురుగు చేరి పాడైపోయింది. ఆ గతి జంట జలాశయాలకు పట్టకూడదని 1996లో 111వ నంబరు ఉత్తర్వు ద్వారా వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలను, పెద్ద కట్టడాలను నిషేధించారు. 2022లో ఆ ఆంక్షలను సడలించారు.

1955లో భారతరత్న అందుకున్న విశ్వేశ్వరయ్యగారు నూరేళ్ళు నిండిన తరువాత 1962 ఏప్రిల్ 14న కన్నుమూశారు. ఆయన సూచనతో వెలసిన చెరువులలోకి మురుగు చేరకుండా కాపాడటమే ఆయనకు మనం చేయగల నిజమైన నివాళి.