రూపాయికి అణా: కేంద్ర కార్మిక మంత్రిగా వి.వి. గిరి

(ఆగస్టు 10 వి.వి. గిరి జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

కృష్ణానది ఒడ్డున గల ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. ఆ మండలంలోనే కొండపల్లి పారిశ్రామికవాడ ఉన్నది. ఇక్కడ పరిశ్రమ నడిపే యజమాని స్థలం, విద్యుచ్ఛక్తి, రవాణా ఖర్చులతోపాటు మరొక పద్దును కూడా లెక్కలో చేర్చుకోవలసి ఉంటుంది. అది జీతాలపై యాజమాన్యం విధిగా చెల్లించే వాటా. 2019 జూలైలో ఈఎస్ఐ రేట్లు తగ్గించిన తరువాతి లెక్క ప్రకారం, మూలవేతనం, కరవు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలు పొందే కార్మికునిపై యజమాని భవిష్యనిధికి 12 శాతం చొప్పున 1,800 రూపాయలు, ఈఎస్ఐకి 3.25 శాతం చొప్పున 487 రూపాయల 50 పైసలు జమ చేయాలి. నిధికి అనుబంధమైన బీమా, నిర్వహణ రుసుములు కలిపితే ఇది 2,400 రూపాయలు దాటుతుంది. కార్మికుని జీతం నుంచి మినహాయించే సొమ్ము దీనికి అదనం.

ఈ పద్దు దేశంలో వేళ్లూనుకున్న తొలి సంవత్సరాలలో కేంద్ర కార్మిక శాఖను నిర్వహించిన తెలుగు ప్రముఖుడు వరాహగిరి వెంకటగిరి. రాష్ట్రపతిగా ఆయన లోక ప్రసిద్ధులు. కార్మిక మంత్రిగా చేసిన కృషి అంతగా ప్రచారంలోకి రాలేదు.

గిరి 1894 ఆగస్టు 10న నాటి గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరుగాంచిన న్యాయవాది. న్యాయశాస్త్ర అభ్యాసానికై 1913లో ఐర్లండు వెళ్లిన గిరి, అచ్చటి స్వాతంత్ర్యోద్యమ నాయకులతో సంబంధాలు కలిగి ఉన్నందున 1916లో ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తిరిగివచ్చి బరంపురంలో న్యాయవాద వృత్తి చేపట్టినా, ఆయన మనస్సు రైల్వే కార్మికులవైపే మొగ్గింది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక సంఘాన్ని నిర్మించి, 1927లో ఖరగ్‌పూర్ కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించారు. ఉద్యోగాల కోతయే ఆ సమ్మెకు మూలం. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు రెండు పర్యాయాలు అధ్యక్షులయ్యారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మిక ప్రతినిధిగా హాజరయ్యారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజాను ఓడించి, మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు నిర్వహించారు. 1946లో ప్రకాశం పంతులు మంత్రివర్గంలోనూ కార్మిక శాఖ ఆయనకే దక్కింది.

1952 సార్వత్రిక ఎన్నికలలో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై, గిరి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. అప్పటికి ఉద్యోగుల భవిష్యనిధి చట్టం వచ్చి కొద్ది మాసాలే అయింది. ఆ ఏడాది నవంబరు 1 నాటికి పథకం పూర్తిగా అమలులోకి వచ్చింది. తొలుత సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్, ఇనుము ఉక్కు, కాగితం, జౌళి అనే ఆరు పరిశ్రమలకు, అందులోనూ 50 మంది లేక అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీలకు మాత్రమే అది వర్తించింది. వాటా ఆరుంపావు శాతం. ఆనాటి నాణెముల లెక్కలో రూపాయికి సరిగ్గా ఒక అణా. కార్మికుడు ఒక అణా వేస్తే యజమాని మరొక అణా వేయాలి. చదువురాని కార్మికునికైనా ఇట్టే తెలిసే లెక్క ఇది.

ఈఎస్ఐ విషయంలో ప్రాంతాల మధ్య చిక్కు ఎదురైంది. 1952 ఫిబ్రవరి 24న ఆ పథకం కాన్పూరు, ఢిల్లీలలో మాత్రమే ప్రారంభమైంది. అచ్చటి యజమానులు మాత్రమే వాటా చెల్లిస్తే, వారి సరుకు ఖరీదు పెరిగి, పథకం లేని ఊళ్ల మిల్లులతో పోటీకి నిలువలేరన్న ఆక్షేపణ బలంగా వచ్చింది. అది న్యాయమైన ఆక్షేపణే. అందుచేత 1951లోనే చట్టాన్ని సవరించి, భారాన్ని దేశమంతటా పరచారు. పథకం అమలైన ప్రాంతాలలో యజమానులు మొత్తం వేతనాలపై ఒకటింబావు శాతం, అమలు కాని ప్రాంతాలలో ముప్పావు శాతం చెల్లించాలి. వైద్యశాల ఇంకా తెరవని ఊరి యజమాని సైతం ముందుగానే చెల్లించవలసి వచ్చిందన్న మాట. గిరి బాధ్యతలు చేపట్టేనాటికి ఈ ఏర్పాటు సరికొత్తది. దానిని నడిపించి, పథకాన్ని ఇతర నగరాలకు విస్తరింపజేయవలసిన పని ఆయన శాఖపై పడింది.

1953లో గిరి హయాంలోనే పారిశ్రామిక వివాదాల చట్టానికి ముఖ్యమైన సవరణ జరిగింది. పని లేక కార్మికులను తాత్కాలికంగా ఆపివేస్తే మూలవేతనం, కరవు భత్యంలో సగం చెల్లించాలని, ఉద్యోగం నుంచి తొలగిస్తే పనిచేసిన ప్రతి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలని నిర్దేశించారు. ఖరగ్‌పూరులో ఉద్యోగాల కోతను ప్రతిఘటించిన నాయకుడు పాతికేళ్ల తరువాత ఆ కోతకు చట్టబద్ధంగా వెల కట్టగలిగారు. అయితే నిర్బంధ తీర్పుల కంటె యజమానులు, కార్మికులు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొనుటే మేలని ఆయన విశ్వాసం. యజమానులతోపాటు కార్మిక సంఘాలలోనూ పలువురు దీనికి సమ్మతించలేదు. చివరకు ఆ విధానం చట్టరూపం దాల్చలేదు.

ఆయన పదవికి ఎసరు తెచ్చినదీ ఖర్చు లెక్కయే. బ్యాంకు ఉద్యోగుల వేతనాలపై 1954లో కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది. చిన్న పట్టణాలలోని శాఖలు అంత భారం మోయలేవని, బ్యాంకింగ్ విస్తరణ కుంటుపడుతుందని భావించి కేంద్ర ప్రభుత్వం ఆ తీర్పును సవరించింది. బ్యాంకుల వాదనలో కొంత వాస్తవం లేకపోలేదు. అయినా ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వమే మార్చినచో కార్మికులకు న్యాయ వ్యవస్థపై నమ్మకం ఉండదని తలచి, గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. తదుపరి నియమితమైన గజేంద్రగడ్కర్ కమిషన్ 1955లో ఇచ్చిన సిఫారసులు ట్రిబ్యునల్ తీర్పును చాలవరకు పునరుద్ధరించాయి. తక్కువ వ్యాపారం గల చిన్న ఊళ్లకు ప్రత్యేక శ్రేణి మాత్రం నిలిచింది.

ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఆయన సేవలందించారు. 1975లో భారతరత్న పురస్కారం అందుకున్నారు. 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. రూపాయికి అణాగా మొదలైన భవిష్యనిధి వాటా అప్పటికి పెరిగింది. అదే సంవత్సరం నవంబరులో పింఛను పథకం ప్రారంభమై, యజమాని వాటాలో 8.33 శాతం దానికి మళ్లింది. కొండపల్లి పారిశ్రామికవాడలో భవిష్యనిధి పరిధిలో ఉన్న కార్మికుని ఖాతాకు కూడా ఈ లెక్కే వర్తించింది.