పద్యపు నడక నెరిగిన బ్రౌను దొర

తెలుగు దేశమున అక్షరము నేర్చిన ప్రతి యింటను వేమన పద్యము వినబడును. ఆ పద్యములను ఊరూర సేకరించి, ప్రతులను సరిచూచి, అచ్చునకు ఎక్కించి నిలిపినవారిలో అగ్రగణ్యుడు తెలుగువాడు కాడు. ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆయన నిఘంటువును గూర్చి పలువురు ఎరుగుదురు. ఆ నిఘంటువునకు ముందు ఆయన తెలుగు ఛందస్సును శ్రద్ధగా అభ్యసించెననియు, ఆ విద్యయే తక్కిన కృషికంతకును పునాది యయ్యెననియు ఎరిగినవారు కొలదిమంది.

బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతగురువు, బహుభాషలయం దభిరుచి గలవాడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. అచట హెయిలీబరీ కళాశాలలో చదివి, కంపెనీ కొలువున కుదిరి, 1817 ఆగస్టులో బ్రౌను మదరాసు చేరెను. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్కయు రాదు. సెయింటు జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు ఓనమాలు నేర్పెను. 1820లో పరీక్ష నిచ్చి, ఆ యేటనే కడపలో కలెక్టరునకు సహాయకుడుగా కుదిరెను.

కచేరీ పనికి కావలసిన తెలుగు త్వరలోనే అలవడెను. అర్జీలు చదువుటకును, రైతులతో మాటలాడుటకును అది చాలును. కాని 1824 ప్రాంతమున వేమన పద్యములపై ఆయనకు ఆసక్తి కలిగినప్పుడు చిక్కు ఎదురయ్యెను. తాటాకు ప్రతులలో పద్యము పాదములుగా విడివడి యుండదు. అక్షరములు ఒకదాని వెంట నొకటి ఎడము లేక సాగిపోవును. ఒక ప్రతిలో నున్న మాట వేరొక ప్రతిలో నుండదు. లేఖకుని పొరపాటు ఏది, కవి రచన ఏది? ఈ ప్రశ్నకు సమాధానము ఛందస్సులోనే కలదని ఆయన గ్రహించెను. మచిలీపట్టణమునను, రాజమహేంద్రవరమునను ఉద్యోగము చేసిన రోజులలో తిప్పాభట్ల వేంకట శివశాస్త్రి, వఠ్యము అద్వైత బ్రహ్మయ్య వంటి పండితుల సాయముతో తెలుగు సాహిత్యాభ్యాసము సాగించెను.

ఆ విద్య చూచుటకు కష్టముగా తోచినను దాని మొదటి మెట్టు పసివానికిని అందునట్టిది. హ్రస్వాక్షరము పలుకుటకు పట్టు కాలము ఒక మాత్ర, అది లఘువు. దీర్ఘాక్షరము పలుకుటకు రెండు మాత్రలు, అది గురువు. సున్నతో గాని, విసర్గతో గాని, పొల్లుతో గాని కూడిన అక్షరమును, సంయుక్తాక్షరమునకు ముందున్న అక్షరమును గురువులే. గురులఘువులు మూడేసి చేరి ఎనిమిది గణము లగును. రాముడు అను మాటలో మొదటిది గురువు, తక్కిన రెండును లఘువులు, అది భగణము. పలక అను మాటలో మూడును లఘువులు, అది నగణము. అమ్మ అను మాటలో గురువు వెంట లఘువు, అది హగణము. ఈ నగణ హగణములు రెండును సూర్యగణములు. రెండింటికిని మూడేసి మాత్రలు.

వేమన పద్యములలో పెక్కు ఆటవెలదిలో నున్నవి. మొదటి, మూడవ పాదములలో మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. రెండవ, నాల్గవ పాదములలో ఐదేసి సూర్యగణములు. ఇంతే దాని లక్షణము. బండి చక్రమువలె తేలికగా తిరుగు ఈ నడక వలననే చదువురానివారి నోట సైతము ఆ పద్యము నిలిచినది. ఉత్పలమాల నడక వేరు. పాదమునకు ఇరువది అక్షరములు, భ ర న భ భ ర వ గణములు, పదవ అక్షరమున యతి, నాలుగు పాదములలోను రెండవ అక్షరమున ప్రాస ఉండవలెను.

ఇంగ్లీషువానికి ఈ యతిప్రాసలు మిక్కిలి వింతగా నుండును. వారి పద్యములలో ప్రాస తరచుగా పాదము చివర నుండును. తెలుగున అది పాదము మొదట రెండవ అక్షరమున నిలుచును. సంస్కృతమున యతి యనగా విరామము. తెలుగున యతి యనగా అక్షరమైత్రి. పాదము మొదటి అక్షరమునకును యతిస్థానమందలి అక్షరమునకును హల్లుతోబాటు అచ్చు కూడ పొత్తు కుదురవలెను. ఈ భేదములను తెలిసికొని బ్రౌను ఆంధ్రగీర్వాణ ఛందము అను గ్రంథమును రచింపగా, 1827లో మదరాసు కళాశాల ముద్రాక్షరశాలలో అది అచ్చయ్యెను. అప్పటి కాయనకు ముప్పది ఏండ్లు నిండలేదు.

నేర్చిన విద్య వెంటనే పనికివచ్చెను. లేఖకుడు ఒక దీర్ఘమును విడిచినచో గురువు లఘువై గణము చెడును. ఒక మాటను మార్చినచో యతి తప్పును. గణము చెడినచోట లోపమున్నదని తెలిసినప్పుడు వేరు ప్రతిని వెదకి సరిచూడవచ్చును. ఆ విధముగా పద్యమే తన తప్పును తాను చూపును. 1829లో ఆయన 693 వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1839లో వెలువడిన కూర్పులో పద్యముల సంఖ్య 1164కు పెరిగెను. పండితులు చిన్నచూపు చూచిన కవికి ఇట్లు గ్రంథగౌరవము దక్కెను.

కడపలో ఆయన కొనిన బంగళా లేఖకులతోను పండితులతోను నిండి, బ్రౌను కాలేజీ యని పేరొందెను. జీతములన్నియు ఆయన స్వంత సొమ్ము. రాబడి చాలక అప్పులు చేసెను. అయోధ్యాపురము కృష్ణారెడ్డి ఈ పనిలో ఆయనకు అండగా నిలిచెను. జూలూరి అప్పయ్య వంటి పండితులు వసుచరిత్ర, మనుచరిత్రల కూర్పులకు శ్రమించిరి.

ఆయన బ్రతుకు సాఫీగా సాగలేదు. 1832-33లో గుంటూరు ప్రాంతమును ఘోరమైన కరవు పీడింపగా, పై అధికారులకు రుచింపకున్నను ఆయన దానిని కరవనియే వ్రాసెను. 1834లో ఉద్యోగము పోయెను. లండను చేరియు ఊరకుండక, ఇండియా హౌసు గ్రంథాలయమున మూలబడి యున్న దక్షిణదేశ లిఖితగ్రంథములను పరిశీలించి, అవి మదరాసునకు చేరుటకు పాటుపడెను. 1837లో తిరిగి ఇచటికి వచ్చి పారశీక భాషానువాదకుడుగా కుదిరెను. 1840లో వ్యాకరణమును, 1852 మొదలు 1854 వరకు నిఘంటువులను ప్రకటించెను. 1854లో ఆరోగ్యము చెడి కొలువు విడిచెను. లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగ నుండి, 1884 డిసెంబరు 12న దివంగతుడయ్యెను. ఆయనకు భార్యయు బిడ్డలును లేరు.

ఆయన కూర్చిన వ్రాతప్రతులు మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకు సంపద యయ్యెను. కడపలో ఆయన బంగళా ఉన్నచోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి మొదలగువారి పూనికతో ఆయన పేరనే గ్రంథాలయము వెలసెను. పాడుపడిన చోట మరల పుస్తకములు చేరుట ఆయన ఆత్మకు తగిన తర్పణము.

తాటాకు చెదలపాలగును, కాగితము చినుగును. పద్యపు నడక నెరిగినవారు ఊరిలో నలుగురున్నచో చిరిగిన చోటును గుర్తింతురు, తప్పిన మాటను సరిదిద్దుదురు. సముద్రము దాటి వచ్చిన పరాయివాడు పట్టుదలతో నేర్చిన గురులఘువులు, పుట్టుకతోనే ఆ భాష పలుకు బిడ్డలకు భారము కానేరవు. గ్రంథాలయపు బల్లవద్ద ఒక ఆటవెలదిని ముందుంచుకొని గణములు విడదీయు బాలుడు, ఎరిగియో ఎరుగకయో, బ్రౌను మొదలిడిన పనినే సాగించుచున్నాడు.