అక్షర చిత్రకారుడు సాదిఖైన్

గోల్కొండ సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధులను సందర్శించిన వారికి నల్లరాతిపై చెక్కిన అరబ్బీ అక్షరాలు కనిపిస్తాయి. ఆ లిపి చదవలేని వారిని సైతం వాటి పొందిక ఆకట్టుకుంటుంది. అందంగా వ్రాసే ఈ కళను ఉర్దూలో ఖత్తాతీ అంటారు. దీనికి కఠినమైన నియమాలున్నాయి. కలం మొనతో పెట్టిన చుక్కను కొలమానంగా గ్రహించి, ప్రతి అక్షరపు ఎత్తునూ వంపునూ నిర్ణయిస్తారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ కొలతలను దాటి అక్షరాన్నే చిత్రంగా మలచిన వారిలో సాదిఖైన్ ప్రసిద్ధులు.

సయ్యద్ సాదిఖైన్ అహ్మద్ నఖ్వీ 1930లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని అమ్రోహాలో జన్మించారు. వారిది లేఖకుల వంశం. కౌమారంలోనే ఆయన ఢిల్లీ ఆలిండియా రేడియోలో వ్రాతపని చేశారు. 1948లో ఆగ్రా విశ్వవిద్యాలయ పట్టా పొంది, దేశవిభజన అనంతరం పాకిస్థాన్‌కు తరలివెళ్లారు.

1950ల చివర ఆయన కరాచీకి చేరువలోని గడానీ సముద్రతీరంలో కొంతకాలం గడిపారు. అక్కడ ఇసుకనేలలో నీటిచుక్క లేకపోయినా, ఉప్పుగాలికి వెరవక జెముడు మొక్కలు నిటారుగా పెరుగుతాయి. ఆ రూపం ఆయన మనస్సులో నాటుకొని పోయింది. తరువాత ఆయన గీసిన మనుషుల చేతివ్రేళ్లు జెముడు కొమ్మల వలె ముళ్లు తేలాయి. అలిఫ్, లామ్ వంటి నిలువు అక్షరాలు కూడా ఆ మొక్కల వలె పైకి లేచాయి. తాతతండ్రుల కలం నేర్పిన అక్షరానికి ఎడారి మొక్క కొత్త ఒడ్డుపొడుగులను ఇచ్చిందన్నమాట!

1960లలో కొన్నేళ్లు ఆయన పారిస్‌లో నివసించి, 1961లో అక్కడి అంతర్జాతీయ ప్రదర్శనలో బహుమతి పొందారు. స్వదేశం తిరిగివచ్చి 1967లో మంగళా ఆనకట్ట వద్ద మానవశ్రమ చరిత్రను బృహత్తరమైన కుడ్యచిత్రంగా రచించారు. ఆ దశకం ముగిసేనాటికి ఖురాన్‌లోని రహమాన్ అధ్యాయాన్ని చిత్రమాలికగా రూపొందించసాగారు. వీటిలో చదువరి ముందుగా రంగును, కదలికను చూస్తాడు. అక్షరం ఆ తరువాతనే కంటికి అందుతుంది.

1977లో సైనిక పాలన వచ్చిన తరువాత, పాలకుల మెప్పు కోసమే ఆయన ఖత్తాతీ వైపు మొగ్గారని కొందరు ఆక్షేపించారు. అయితే అంతకు చాలా ముందే ఆయన ఈ మార్గంలో అడుగుపెట్టారు. కనుక ఆ ఆక్షేపణ నిలువదు.

1981లో ఆయన భారతదేశానికి విచ్చేశారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలోను, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోను కుడ్యచిత్రాలు వేశారు. ఢిల్లీలోని ఇస్లామీయ అధ్యయన సంస్థలో అల్లాహ్ యొక్క 99 నామాలను చిత్రించారు. ఈ పర్యటనలోనే హైదరాబాదుకు కూడా వచ్చారు. హఫీజ్‌పేటకు నగరంలో అటు చివరన, ఉప్పల్ రోడ్డులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. భూగర్భాన్ని శోధించే ఆ విజ్ఞాన సంస్థకు కూడా ఆయన కుడ్యచిత్రాన్ని సమకూర్చారు.

సాదిఖైన్ తన చిత్రాలను అమ్మిన దానికంటే పంచిపెట్టినదే ఎక్కువ. తానొక ఫకీరునని చెప్పుకొనేవారు. ఈ ఔదార్యానికి మూల్యం లేకపోలేదు. పంచిన వాటిలో అనేకం ఎవరి చేతికి చేరాయో తెలియకుండా పోయాయి. ఆయన పేరిట నకిలీలు సైతం బయలుదేరాయి. బహిరంగ భవనాల గోడలపైన, పైకప్పులపైన ఉన్నవి మాత్రం అందరికీ దక్కాయి.

చివరి రోజులలో ఆయన కరాచీలోని ఫ్రియర్ హాల్ పైకప్పును భూమ్యాకాశాల చిత్రంతో నింపడానికి పూనుకొన్నారు. ఆ పని ముగియక మునుపే 1987 ఫిబ్రవరి 10న కన్నుమూశారు. పైకప్పు అసంపూర్ణంగానే మిగిలింది. ఆ భవనంలోని చిత్రశాలకు ఆయన పేరే పెట్టారు.