యూజిన్ శాండో జీవితము

మన యిండ్లలో చేతులులేని బనియనును శాండో బనియనని పిలుచుట వాడుక. 1971లో వెలువడిన హాథీ మేరే సాథీ చిత్రమును నిర్మించిన చిన్నప్ప దేవరు తన పేరునకు ముందు శాండో యను బిరుదమును జేర్చుకొనెను. ఈ శాండో యెవడో, యే దేశమువాడో యెరుగకయే మనము ఆ మాటను నిత్యము పలుకుచున్నాము. అతడు దేహబలమునే వృత్తిగా జేసికొని లోకమంతయు సంచరించిన యొక జర్మను పురుషుడు.

ఇతని యసలు పేరు ఫ్రెడరిక్ విల్హెల్మ్ మ్యూలరు. 1867వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన ప్రష్యా దేశమందలి కోనిగ్స్‌బర్గు నగరమున జన్మించెను. ఆ నగరము నేడు కాలినిన్‌గ్రాడ్ అను పేర రష్యాలో నున్నది. తాను బాల్యమున మిక్కిలి దుర్బలుడననియు, తండ్రితో ఇటలీ దేశమున కేగి యచ్చటి ప్రాచీన శిలావిగ్రహములను జూచి, యట్టి దేహము తనకును గావలెనని సంకల్పించితిననియు నతడు తరువాత చెప్పుకొనెను. చరిత్రకారులు ఈ కథను పూర్తిగా నమ్మరు. అంగడివాడు తన సరకును బొగడుకొనుట లోకసహజము గదా! శాండో యమ్మిన సరకు అతని శరీరమే.

యౌవనమున సైన్యమునందు జేరుట కిష్టములేక స్వదేశమును విడిచి, సర్కసులలో గారడీవిద్యలు చేయుచు యూరపు ఖండమున దిరిగెను. బెల్జియము రాజధానియగు బ్రస్సెల్సు నగరమున అతనికి గురువు లభించెను. ఈ గురువు పేరు లూయీ డర్లాకరు. రంగస్థలముమీద మాత్రము ప్రొఫెసర్ అట్టిలా యని ప్రసిద్ధుడు. బరువైన యినుపగుండ్లను క్రమముగా ఎత్తినగాని నిజమైన బలము రాదని అట్టిలా నమ్మకము. ఆ బరువులతోనే శిష్యుని దేహమును తీర్చిదిద్దెను.

ఇందలి రహస్యము క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీకుల క్రోటన్ నగరమున మైలో యను మల్లుడుండెను. అతడు ఒక లేగదూడను ప్రతిదినమును భుజముల కెత్తుకొని నడచెననియు, దూడ పెరిగి వృషభమగు నాటికి దానిని సైతము మోయగలిగెననియు కథ కలదు. కథ యెట్లున్నను అందలి సూత్రము సత్యము. కండరము తన కలవాటైన పనికంటె కొంచె మెక్కువ పని తగిలినప్పుడే మారును. మొదటి కొన్ని వారములలో పెరుగు బలము చాలవరకు నరముల శిక్షణవలన వచ్చును. పిమ్మటగాని కండరపు పోగులు లావెక్కవు. ఆ పెరుగుదలయు బరువెత్తు గడియలో గాక, పిదప విశ్రాంతియందును నిద్రయందును జరుగును. నేడు నూరు బస్కీలు తీసి, రేపు మంచమున బడి, నెలవరకు వ్యాయామశాల ముఖము చూడని బాలునికంటె, వారమునకు మూడు దినములు పది చొప్పున దీసి, పక్షమున కొకటి రెండు పెంచుకొనువాడు ముందు పోవును.

1889వ సంవత్సరమున శాండో లండను నగరమునకు వచ్చెను. అప్పుడచ్చట సాంసన్ అను బలశాలి, తనను మించినవాడెవడైన కలడాయని రంగస్థలమునుండి సవాలు చేయుచుండెను. శాండో వేదికపై కెక్కి సాంసన్ చేసిన పనులన్నియు జేసి యతనిని జయించెను. ఒక్కరాత్రిలో అతని పేరు లండనంతయు వ్యాపించెను. 1893లో అమెరికాకు బోగా, చికాగో ప్రదర్శన సమయమున జీగ్‌ఫెల్డ్ అను నాటకశాలాధిపతి యొక సంగతి కనిపెట్టెను. ప్రేక్షకులు శాండో యెత్తు బరువులకంటె అతని కండల సౌష్ఠవమునే తదేకముగా జూచుచుండిరి. నాటినుండి శాండో ఒడలికి తెల్లని పొడి పూసికొని, పాలరాతి విగ్రహమువలె నిలుచుట ప్రదర్శనలో ముఖ్యభాగమాయెను. హార్వర్డు విశ్వవిద్యాలయపు వ్యాయామాధ్యక్షుడు డడ్లీ సార్జెంటు అతని యవయవములను గొలిచి, యంత సంపూర్ణ దేహమును దానెన్నడును జూడలేదనెను. 1894లో ఎడిసన్ కర్మశాలలో అతని చలనచిత్రమును దీసిరి. అది నేటికిని నిలిచియున్నది.

1897లో లండనున వ్యాయామ విద్యాలయమును స్థాపించి, మరుసటి యేడు ఒక పత్రికను బ్రారంభించెను. బలసాధనమును గూర్చి గ్రంథములు వ్రాసెను. స్త్రీలకును, బాలురకును, వయస్సు మీరినవారికిని వేర్వేరు పట్టికలు వేసి, యే వ్యాయామమును ఎన్నిమారులు చేయవలెనో, ఆ లెక్కను ఎట్లు పెంచవలెనో నిర్ణయించెను. అద్దము ముందు నిలిచి, పనిచేయు కండరముమీదనే మనస్సు నిలుపుమని బోధించెను. ఇదంతయు మేలైన బోధయే. కాని యతడు టపాలో నమ్మిన సాధనములు తేలికైన డంబెల్సును, స్ప్రింగుల పిడులును, రబ్బరు త్రాళ్లును. వానిని కొన్న వేలాది యువకులు వానివలననే శాండో దేహము శాండోకు వచ్చెనని భ్రమపడిరి. అతని కండలు అట్టిలా యొద్ద నెత్తిన భారములవలన వచ్చినవి. ఈ మాటను అతడు తన ప్రకటనలలో మరుగుపరచెననుట తప్పుగాదు. తేలికైన బరువైనను అలసట వచ్చువరకు జేసినచో కండ పెరుగునని నేటి పరిశోధకులు చెప్పుదురు. కాని యేండ్లతరబడి అదే డంబెలును, అదే లెక్కను, చెమటపట్టకుండ ఆడించువానికి బలము రాదు.

మన తలిదండ్రులలో కొందరు బరువులెత్తిన పిల్లలు పొట్టివారగుదురని భయపడుదురు. ఈ భయమునకు ఆధారము లేదు. ఉపాధ్యాయుని కన్నుల యెదుట, వయస్సునకు దగిన బరువుతో, సరియైన భంగిమలో చేసినచో హాని యుండదు. హాని చేయునది తోటివారి ముందు గొప్పకై మోయలేని దానిని మోయుట. అయిదు మొదలు పదునేడేండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు దేహశ్రమ చేయవలెననియు, వారమున కనీసము మూడు దినములు కండరములకు బలమిచ్చు పని అందుండవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. దండీలు, బస్కీలు, త్రాడు నెగబ్రాకుట, నూతినుండి నీరు తోడుట, ఇవన్నియు అందు జేరును.

ఆహార విషయమున శాండో మరింత నిజాయితీగా వ్రాసెను. ఆ కాలపు మల్లులు పచ్చి గ్రుడ్లును, సగముడికిన మాంసమును తిన్నగాని బలము రాదనుచుండిరి. శాండో దానిని పరిహసించెను. తనకు బ్రత్యేక పథ్యమేదియు లేదనియు, వేళకు మితముగా దినుటయు, చక్కగా నమలుటయు, కంటినిండ నిద్రించుటయు చాలుననియు నతని మతము. మన వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారు శాకాహారియై యుండియే గొలుసులు త్రెంచి, ఏనుగును ఱొమ్ముపై నిలిపెనని ప్రసిద్ధి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పెద్దవారికి శరీరపు బరువున కిలో ఒక్కింటికి దినమునకు సుమారు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెనని లెక్కగట్టిరి. అనగా 60 కిలోల మనుష్యునకు 50 గ్రాములు. నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములును, ఒక కోడిగ్రుడ్డులో ఆరేడు గ్రాములును గలవు. అన్నములో కొరవడినది పప్పు పూరించును, పప్పులో కొరవడినది అన్నము పూరించును. చారునీళ్లతో కుంచెడన్నము తిని లేచుటకంటె, అన్నము కొంచెము తగ్గించి పప్పు, ఆకుకూర, మజ్జిగ, గుప్పెడు వేరుసెనగలు చేర్చుకొనుట మేలు. డబ్బాలలో వచ్చు పొడులు లేక యెవని కండయు నాగిపోదు.

1901వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన లండను ఆల్బర్టు హాలులో శాండో ఒక మహాపోటీని జరిపెను. న్యాయనిర్ణేతలలో ప్రఖ్యాత నవలాకారుడు కానన్ డాయిలును, శిల్పి చార్లెస్ లాసును ఉండిరి. కేవలము లావైన కండలకు బహుమతి లేదు. అవయవముల సమత, చర్మపు కాంతి, సర్వదేహారోగ్యము చూడవలెనని నియమము. నాటింగుహాము ప్రాంతమువాడు విలియం మర్రే బంగారు శాండో ప్రతిమను గెలుచుకొనెను. ఆ ప్రతిమ రూపమే నేడు మిస్టర్ ఒలింపియా పోటీ విజేతల కిచ్చుచున్నారు.

1904, 1905 సంవత్సరములలో శాండో దక్షిణాఫ్రికా, భారతదేశము మున్నగు దేశములను దర్శించెను. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి అతనిని తన వ్యాయామాచార్యునిగా నియమించెను. తరువాత తన పేర కోకో పొడిని తయారుచేయు వ్యాపారమును బెట్టెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున అది కూలిపోయెను. సంపద చాలవరకు కరగెను. 1925 అక్టోబరు 14వ తేదీన, తన 58వ యేట, లండనున మరణించెను. గోతిలోబడిన మోటారుకారును ఒంటరిగా లాగుటచే మరణించెనని జనులు చెప్పుకొందురు. గుండెనుండి వెడలు పెద్ద రక్తనాళము చిట్లుటయే మరణకారణముగా నమోదైనది. పట్నీ వేల్ శ్మశానమున సమాధి చేసిరి. భార్య కోరికచే దానిపై పేరైన చెక్కింపలేదు. ఇరువదియొకటవ శతాబ్దము వచ్చువరకు ఆ సమాధిపై రాయి లేకయే యుండెను.