కొత్త దేశంలో పాత వేటగాడు – జిమ్ కార్బెట్

మాచర్ల దాటి సాగర్ వైపు బస్సులో వెళుతుంటే కొండలు మొదలవుతాయి. ఆ కొండల వెనక నల్లమల. 1983లో నాగార్జునసాగర్ – శ్రీశైలం అడవిని పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 3,568 చదరపు కిలోమీటర్లతో అప్పట్లో దేశంలోకెల్లా పెద్దది అదే. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ అడవి కూడా రెండు రాష్ట్రాల మధ్య రెండు పేర్లతో విడిపోయింది. అంటే పులి మనకి పుస్తకంలో జంతువు కాదు, పొరుగు మనిషి లాంటిది. మన హాస్టళ్ళలో చదివేవాళ్ళలో అడవి అంచు తండాల వాళ్ళున్నారు, చెంచు గూడేల వాళ్ళున్నారు, తాత కుందేళ్ళకి ఉచ్చులు పెట్టేవాడని చెప్పుకునే వాళ్ళున్నారు. రాత్రి కరెంటు పోతే డాబా మీద వేట కథలు చెప్పుకోని బ్యాచ్ ఉండదు.

అందుకే ఈ వార్షికోత్సవ సంచికకి ఒక వేటగాడి జీవితం రాయాలనుకున్నాము. ఆయన పేరు జిమ్ కార్బెట్. ఆయన తెల్లవాడు కదా, మనకెందుకు అని కొందరు మిత్రులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. చివరికి వచ్చేసరికి జవాబు దొరుకుతుందని మా ఆశ.

కార్బెట్ 1875 జులై 25న హిమాలయాల పాదాల దగ్గరున్న నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడి పోస్టుమాస్టరు. పెద్ద కుటుంబం. కార్బెట్‌కి ఆరేళ్ళు నిండకముందే, 1881లో, తండ్రి చనిపోయారు. తల్లి మేరీ జేన్ ఇంటి బరువంతా మోసింది. చలికాలం వస్తే కుటుంబం కొండ దిగి కాలాఢుంగీ అనే ఊరికి వచ్చేది. ఇంటి వెనకే అడవి. పిల్లవాడికి అదే రెండో బడి అయింది.

ఆయన చేతికొచ్చిన తొలి తుపాకీ మందు దట్టించి పేల్చే పాత రకం. రెండు గొట్టాల్లో ఒకటి పనికిరాదు. విడిపోకుండా ఇత్తడి తీగ చుట్టి కట్టారు. మంచి తుపాకీ లేకపోవడం ఒకందుకు మేలే చేసింది. ఒకే గుండు ఉన్నప్పుడు జంతువుకి బాగా దగ్గరికి పోవాలి, తొందరపడకూడదు. కున్వర్ సింగ్ అనే గ్రామస్థుడు ఆయనకి అడవిని నేర్పించారు. కున్వర్ సింగ్ దొంగచాటుగా వేటాడే మనిషి, కానీ అడవి గురించి తెలిసినవాడు. ఏ పిట్ట ఎందుకు అరిచింది, గడ్డి ఎటు వంగింది, అడుగుజాడ ఎంతసేపటిది, జంతువు కుంటుతోందా – ఇదంతా కార్బెట్ చదువుకున్నది బళ్ళో కాదు.

బడి చదువు అయ్యాక ఇంజనీరు కావాలని ఆయన కోరిక. ఇంట్లో డబ్బు లేదు. పద్దెనిమిదేళ్ళకి నెలకి వంద రూపాయల జీతం మీద రైల్వేలో చేరారు. అప్పట్లో రైలింజన్లకి కట్టెలే ఇంధనం. ఆ కట్టెల కోసం అడవి కొట్టించడం ఆయన పని. తరువాత రోజుల్లో అడవిని కాపాడాలని తిరిగిన మనిషి జీవితం అడవి కొట్టించడంతో మొదలయింది. ఇంట్లో డబ్బులేని కుర్రవాడికి దొరికిన పని అదే మరి.

ఆ తరువాత బీహారులో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకులు దించి, నది దాటించే కాంట్రాక్టు దొరికింది. అక్కడ ఇరవై ఏళ్ళకి పైగా ఉన్నారు. కూలీలతో పాటు తానూ గంపలు మోశారు. మన హాస్టలు మిత్రులు ఆయన గురించి తెలుసుకోవలసినది పులుల కంటే ముందు ఇక్కడే ఉంది.

చమారీ అనే అంటరాని కులపు మనిషి భార్యతో కలిసి అక్కడికి పని కోసం వచ్చారు. బొగ్గు మోసే జట్టుకి కార్బెట్ ఆయన్ని పెద్దని చేశారు. ఆ జట్టులో పై కులాల వాళ్ళు కూడా ఉండేవారు. చమారీ పేదవాళ్ళకి అన్నం పెట్టేవారు, జబ్బు చేసినవాళ్ళని చూసేవారు. చివరికి కలరాతో పోయారు. ఆయన చావుకి కులంతో పనిలేకుండా ఘాట్ అంతా కదిలి వచ్చింది. బుద్ధు అనే ఇంకో కూలీ తాతల నాటి చిన్న అప్పుకి వడ్డీ వ్యాపారి దగ్గర బందీగా బతుకుతుంటే కార్బెట్ వకీలుని పెట్టి ఆ అప్పు తీర్చారు.

కూలీల పిల్లల కోసం కార్బెట్, స్టేషన్ మాస్టరు రామ్‌శరణ్ కలిసి ఒక బడి పెట్టారు. వెంటనే కులం అడ్డొచ్చింది. పై కులాల పిల్లలు, కింది కులాల పిల్లలు ఒక ఇంట్లో కూర్చోకూడదన్నారు. రామ్‌శరణ్ ఆలోచించి బడి గోడలు పీకించేశారు. గోడలు లేకపోతే అది ఇల్లు కాదు, పందిరి. పందిరి కింద ఎవరైనా కూర్చోవచ్చు! ఇరవై మందితో మొదలైన ఆ బడి రెండు వందల మందికి పెరిగింది, తరువాత ప్రభుత్వం తీసుకుంది. కులం పోలేదు, గోడ మాత్రం పోయింది. పిల్లలు చదువుకున్నారు. ఈ ముక్క చదివినప్పుడు మాలో చాలామందికి మన హాస్టలు భోజనాల బంతి గుర్తొచ్చింది.

ఇక పులుల సంగతి. 1907లో కుమావూ కొండల్లో చంపావత్ దగ్గర ఒక ఆడపులి జనాన్ని తింటోంది. అంతకు ముందు నేపాల్‌లో 200 మందిని, ఇటు వచ్చాక 236 మందిని, మొత్తం 436 మందిని చంపిందని లెక్క. వాళ్ళలో ఎక్కువమంది గడ్డి కోయడానికి, కట్టెలకి వెళ్ళిన ఆడవాళ్ళు. పులి ఉందని తెలిసినా పొయ్యి వెలగాలి కదా. కార్బెట్ రెండు షరతులు పెట్టారు. బహుమానం ప్రకటన రద్దు చెయ్యాలి, మిగతా వేటగాళ్ళని వెనక్కి పిలవాలి. డబ్బుకి వేటాడుతున్నానన్న మాట ఆయనకి వద్దు.

చంపావత్ తహసీల్దారు దాదాపు 300 మంది గ్రామస్థులని పోగేశారు. లైసెన్సు లేని తుపాకులు తెచ్చుకున్నా ఆ రోజుకి చూడనట్టు ఉంటానన్నారు. వాళ్ళు డప్పులు, కేకలతో కొండ మీద నుంచి తోలారు. పులి చచ్చాక నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరపళ్ళు విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన గుండు దెబ్బ అది. ఆ పళ్ళతో అడవి జంతువుని పట్టలేక మనుషుల మీద పడింది. మనిషి చేసిన గాయానికి ఆ కొండల ఆడవాళ్ళు ప్రాణాలిచ్చారన్నమాట.

1910లో పానార్ చిరుత, 1926లో రుద్రప్రయాగ చిరుత, 1930లో చౌగఢ్ పులి, 1938లో ఠాక్ పులి – ఇలా ముప్పై ఏళ్ళు ఆ పని సాగింది. రుద్రప్రయాగ చిరుత ఎనిమిదేళ్ళలో 125 మందిని చంపింది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో శవాలని కాల్చే దిక్కులేక కొండ కిందికి తోసేస్తే, వాటికి మరిగిన చిరుతలు తరువాత బతికున్న మనుషుల మీదికి వచ్చాయని కార్బెట్ వివరించారు. పులికి మనిషి మాంసం సహజమైన తిండి కాదనీ, గాయమో ముసలితనమో దాన్ని అటు తోస్తుందనీ ఆయన పుస్తకాలు చెబుతాయి.

ఈ మధ్యలోనే ఆయనలో మార్పు వచ్చింది. సరదా వేట విసుగు పుట్టి కెమెరా పట్టారు. కెమెరా తిరిగే చప్పుడుకి పులి పారిపోతుందని, చిన్న వాగుకి కట్టలు వేసి, ఆ నీటి చప్పుడులో కెమెరా చప్పుడు కలిసిపోయేట్టు చేసి, ఏడు పులులని ఒకేచోట సినిమా తీశారు. 1936లో మన దేశపు మొదటి జాతీయ పార్కు ఏర్పడడానికి సాయపడ్డారు. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. అదే కాలంలో వైస్రాయి వంటి పెద్దల వేటలకి ఆయన సాయం కూడా చేశారు. ఒక చేత్తో కెమెరా, ఒక చేత్తో దొరల వేట. మనుషులు ఒక్క రోజులో మారరు.

1944లో ఆయన మొదటి పెద్ద పుస్తకం, కుమావూ నరభక్షక పులుల కథలు, అచ్చయి ప్రపంచమంతా పేరొచ్చింది. దాని రాబడిని యుద్ధంలో కళ్ళు పోయిన సైనికుల సంస్థకి ఇచ్చారు.

1947లో దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. మనకి పండుగ. కార్బెట్‌కి, ఆయన అక్క మ్యాగీకి భయం. పాలించిన జాతి వాళ్ళకి ఇక్కడ ఇక చోటుంటుందా అని. పేదల్ని అంత దగ్గరగా చూసిన మనిషి ఆ పేదలే ఓటు వేసే దేశంలో ఉండడానికి జంకడం మాకు నచ్చలేదు. ఆ ఏడాది చివర నైనిటాల్ ఇల్లు అమ్మి, కాలాఢుంగీ దగ్గరి తన ఊళ్ళో భూమిని సాగు చేసుకుంటున్న రైతులకి వదిలి, డెబ్భై రెండేళ్ళ వయసులో ఆఫ్రికాలోని కెన్యాకి ఓడెక్కారు.

కెన్యాలో న్యేరి అనే ఊళ్ళో చిన్న ఇల్లు తీసుకున్నారు. అది స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పావెల్ కోసం కట్టిన ఇల్లు. కెన్యా అప్పటికి వేటగాళ్ళ స్వర్గం. డబ్బున్న తెల్లవాళ్ళు ఏనుగులని, సింహాలని కాల్చడానికి అక్కడికి వచ్చేవారు. డెబ్భై దాటిన కార్బెట్‌కి అక్కడ అన్నీ కొత్తే. చెట్టు కొత్త, పిట్ట కొత్త, పులి అసలే లేదు. అరవై ఏళ్ళు నేర్చిన అడవి భాష అక్కడ మళ్ళీ అక్షరాల నుంచి దిద్దుకోవాలి.

ఆయన దిద్దుకున్నారు. కొత్త దేశంలో మళ్ళీ వేట మొదలుపెట్టారు. ఆ వేటకి ఆయుధం ప్రధానంగా కెమెరా. గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం, జాడ పట్టడం, ఊపిరి బిగబట్టి ఎదురుచూడడం – అంతా పాత వేటే. చివర్లో చావు మాత్రం లేదు. పగలు కెమెరా, తక్కిన వేళల్లో కలం. మన దేశపు పేదల గురించి రాసిన పుస్తకం 1952లో, అడవి చదువు గురించి రాసినది 1953లో వచ్చాయి. చమారీ, బుద్ధు, గోడలు లేని బడి మనకి తెలిసింది ఆయన సముద్రం దాటాక కూర్చుని రాయడం వల్లనే. వదిలి వెళ్ళాకనే ఏం వదిలారో ఆయనకి ఎక్కువ కనిపించిందేమో అనిపిస్తుంది.

1952 ఫిబ్రవరి 5న బ్రిటిష్ రాకుమారి ఎలిజబెత్ న్యేరి దగ్గర అడవిలో చెట్టు మీద కట్టిన ట్రీటాప్స్ విడిదికి వచ్చారు. జంతువుల్ని చూపించడానికి, కాపలా ఉండడానికి కార్బెట్‌ని పిలిచారు. ఆ రాత్రే ఇంగ్లండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో ఆమె తండ్రి చనిపోయి ఆమె రాణి అయ్యారు. రెండేళ్ళకి, 1954లో, కెన్యా ప్రజల భూమి పోరాటం మౌమౌ తిరుగుబాటులో ఆ విడిది కాలిపోయింది. స్వాతంత్య్రానికి జంకి ఒక దేశం వదిలిన మనిషి, ఇంకో దేశపు స్వాతంత్య్ర పోరాటం మధ్యకి వచ్చిపడ్డారు. 1955 ఏప్రిల్ 19న న్యేరిలోనే గుండెపోటుతో చనిపోయారు. అక్కడి చర్చి ఆవరణలో సమాధి ఉంది. తరువాత మన ప్రభుత్వం ఆ మొదటి జాతీయ పార్కుకి ఆయన పేరు పెట్టింది. 1973 ఏప్రిల్ 1న పులుల రక్షణ పథకం అక్కడి నుంచే మొదలయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. ఈయన మనకెందుకు?

1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మన తాతల వేట నేరమయింది. చట్టం అవసరమే, కాదనము. కానీ దొరల వేట ఫోటోలై గోడలకెక్కింది, పేదల ఉచ్చు కేసులై స్టేషనుకెక్కింది. కున్వర్ సింగ్ లాంటి గురువు దొంగ వేటగాడిగా మిగిలారు, శిష్యుడి పేరు పార్కుకి పెట్టారు. ఈ తేడాని మనం మర్చిపోకూడదు.

అయినా కార్బెట్ జీవితంలో మనకి పనికొచ్చే మాట ఒకటుంది. తుపాకీ దించితే విద్య పోదు. ఈ రోజు నల్లమలలో పులి జాడలు చూసి లెక్కకి సాయపడుతున్నవాళ్ళలో, అడవికి కాపలా ఉన్నవాళ్ళలో చెంచు యువకులున్నారు. తాతలు వేట కోసం నేర్పిన చూపే అది. అడవిని అడుగుజాడతో చదవగలవాడు నిరక్షరాస్యుడు కాదు. ఇంట్లో మన పెద్దలకి చదువు లేదని మనం తలవంచుకోవలసిన పని లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హాస్టలు గేటు దాటి గుంటూరుకో హైదరాబాదుకో వెళ్ళిన మొదటి నెల మాకందరికీ అదొక కొత్త దేశంలాగే ఉంది. భాష మనదే, యాస కాదు. అన్నం అదే, రుచి కాదు. అప్పుడు మా నాన్నల దగ్గర, అమ్మల దగ్గర నేర్చుకున్న ఓర్పే మమ్మల్ని నిలబెట్టింది. మీరూ వెళ్ళే రోజు వస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న విద్యని ఈ గేటు దగ్గర వదిలిపోకండి. పనిముట్టు మారుతుంది, అంతే. అలాగే, ఎక్కడైనా బడికి గోడ అడ్డొస్తే రామ్‌శరణ్‌ని గుర్తు చేసుకోండి.