పూవునకు పేరైన పడతి: ఆగ్నెస్ జోవాకిం

దేశములు తమ జాతీయ పుష్పములుగా ఎన్నుకొనునవి సాధారణముగా అడవిలోనో కొలనులోనో తమంత తామై పుట్టినవి. మన పద్మము అట్టిదే. సింగపూరు ఎన్నుకొన్న పుష్పము మాత్రము ఒక స్త్రీ పెరటితోటలో పుట్టినది. 1981 ఏప్రిలు 15వ తేదీన జాతీయ పుష్పముగా ప్రకటింపబడిన ఆ ఆర్కిడు పేరు వాండా మిస్ జోవాకిం. దానిని లోకమునకు ఇచ్చిన ఆగ్నెస్ జోవాకిం పండితురాలు కాదు, ఉద్యోగిని కాదు. ఇంటి పనులు ముగించుకొని, మిగిలిన పొద్దును మొక్కల నడుమ గడపిన గృహిణివంటి ఇల్లాలితనమే ఆమె జీవితము.

ఆగ్నెస్ 1854 ఏప్రిలు 7వ తేదీన సింగపూరునందే జన్మించెను. ఆర్మీనియను భాషలో ఆమె పేరు అష్ఖెన్ హొవాకిమియన్. ఆర్మీనియను వర్తకులు మనకు పరాయివారు కారు. మద్రాసులోని అర్మీనియను వీధియు, అచ్చటి వారి ప్రాచీన దేవాలయమును నేటికిని వారి పేరు చెప్పుచున్నవి. ఓడలపై సరకులతో తూర్పు దీవులకు సాగిన ఆ జాతివారు సింగపూరులో కొలది కుటుంబములుగనే స్థిరపడినను, 1836 నాటికే తమకొక చర్చిని కట్టుకొనిరి. ఆగ్నెస్ తండ్రి పార్సిక్ జోవాకిం అచ్చట వర్తకుడు. తల్లి యురేలియా. వారికి పదునొకండుగురు సంతానము. కుమార్తెలలో ఆగ్నెస్ పెద్దది.

1872లో తండ్రి మరణించెను. అప్పటికి ఆగ్నెస్‌కు 18 ఏండ్లు. పెద్ద సంసారమున పెద్ద కూతురికి ఏమి దక్కునో ఆమెకును అదియే దక్కెను. తల్లికి చేదోడై తమ్ములను చెల్లెండ్రను పెంచుటలో ఆమె యౌవనము గడచిపోయెను. ఆమె వివాహము చేసికొనలేదు. సోదరులు న్యాయవాదులై పేరు గడించిరి. ఆమె చేతులకు తెలిసిన విద్యలు రెండు: ఒకటి సూదిపని, రెండవది తోటపని. తాను కుట్టుపూవులతో అలంకరించిన వస్త్రమును తమ చర్చి పీఠమునకు సమర్పించెను. తాంజోంగ్ పగర్ ప్రాంతమున వారి ఇంటిచుట్టునున్న తోటలో నిజమైన పూవులను పెంచెను. సూదికిని మొక్కకును కావలసిన గుణమొకటే, ఓర్పు.

ఆ దినములలో సింగపూరు తోటలయందు రెండు వాండా జాతులు విరివిగా కనబడుచుండెడివి. వాండా అను మాట మన దేశమునుండి పోయినదే. సంస్కృతమున వందా అనగా చెట్టుపై పెరుగు మొక్క; అమరసింహుడు దానిని తన కోశమున చేర్చెను; తెలుగున బదనిక యందుము. అయితే మామిడి కొమ్మను పట్టి పీడించు బదనికవలె ఈ ఆర్కిడు పరాన్నభుక్కు కాదు. చెట్టును ఆశ్రయించును గాని దాని రసమును పీల్చదు. ఆ రెండింటిలో ఒకటి మలయా, సుమత్రా, బోర్నియోల చిత్తడి నేలలలో పెరుగు వాండా హుకెరియానా. రెండవది ఈశాన్య భారతము, బర్మా మొదలగు ప్రాంతములనుండి వచ్చిన వాండా టెరెస్. రెండింటికిని ఆకులు పుల్లలవలె గుండ్రముగా నుండును. ఒకే తోటలో పెరుగుచున్న ఈ రెండింటిని కలిపి మూడవ పూవును పుట్టించవలెనన్న కోరిక ఆగ్నెస్‌కు కలిగెను.

అది సులభసాధ్యము కాదు. ఆర్కిడు పుప్పొడి తక్కిన పూవులలోవలె దుమ్ముగా రాలదు. చిన్న ముద్దలుగా గట్టిపడి, పూవు నడుమ ఒక మూత క్రింద దాగియుండును. సన్నని పుల్లతో దానిని తీసి రెండవ పూవు కీలాగ్రమునకు అంటింపవలెను. కాయ ముదురుటకు నెలలు పట్టును. పగిలిన కాయలోని విత్తనములు పిండివలె గాలికెగిరిపోవును. వాటియందు మొలకకు కావలసిన ఆహారము నిలువయుండదు. ఒక విధమైన శిలీంధ్రము తోడ్పడినగాని అవి మొలకెత్తవు. ఈ రహస్యమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు నోయెల్ బెర్నార్డు 1899లో కనుగొనునంతవరకు ఎవరికిని తెలియదు. మనుష్యుడు సంకరించిన మొదటి ఆర్కిడు ఇంగ్లండులో 1856లో పూచినది. అదియు వృత్తినిపుణుడైన జాన్ డొమినీ చేతిమీదుగా. ఆనాటి తోటమాలులు తల్లిమొక్క మొదట విత్తనములు చల్లి దైవముపై భారముంచుచుండిరి.

ఆగ్నెస్ తోటలో ఆ మొక్క మొలచి, పెరిగి, 1893 నాటికి పూచెను. ఆమె దానిని సింగపూరు ఉద్యానవనాధికారియైన హెన్రీ రిడ్లీకి చూపెను. రబ్బరు సేద్యమును మలయాలో వ్యాపింపజేసిన మహనీయుడాతడు. పూవును పరీక్షించి, ఆమె ఆ రెండు జాతులను సంకరించి దానిని సాధించినదని స్పష్టముగా వ్రాసి, ఆమె పేరునే దానికి పెట్టి, అదే సంవత్సరము జూనులో లండను ఉద్యాన పత్రికయందు ప్రకటించెను. పూవు ఊదా కలసిన గులాబి వన్నె. విశాలమైన పెదవిపై చుక్కలు; నడుమ నారింజ ఛాయ. ఎండకు వెరవదు, కొయ్యకు కట్టిన తీగవలె పైపైకి సాగుచు ఏడాది పొడుగున పూయును. తీగను కత్తిరించి నాటిన బ్రతుకును. ఆ విధముగ ఆ ఒక్క మొక్క తునకలే తోటతోటకు, దేశదేశమునకు ప్రాకెను. 1897లో ఇంగ్లండున సర్ ట్రెవర్ లారెన్సు తోటలో పూచెను. ఇరువదవ శతాబ్దిలో హవాయి దీవులలో పూలదండల కొరకు విస్తారముగా సాగు చేయబడెను.

ఈ వైభవమును ఆగ్నెస్ చూడలేదు. 1899లో సింగపూరు పుష్పప్రదర్శనమున ఆమె ఆర్కిడు బహుమతి పొందునప్పటికే కాన్సరు వ్యాధి ఆమెను క్రుంగదీసియుండెను. ఆ యేడే జూలై 2వ తేదీన, 45 ఏండ్ల వయస్సున, ఆమె కన్నుమూసెను.

మరణించిన వారు తమ పక్షమున తాము మాటాడలేరు. కాలము గడచినకొలది వేరొక కథ పుట్టెను. ఆమె ఆ మొక్కను తయారు చేయలేదనియు, ఒకనాటి ఉదయము తోటలోని వెదురుపొద నడుమ చూచినదనియు, తుమ్మెదలే పుప్పొడిని మోసి దానిని పుట్టించెననియు చెప్పసాగిరి. ఆ కాలమున ఇంటి తోటలో ఆర్కిడు విత్తనమును మొలకెత్తించుట ఎంత కష్టమో ఎరిగిన శాస్త్రజ్ఞులకు ఈ కథయే నమ్మదగినదిగా తోచెను. శాస్త్రదృష్ట్యా అది అసంభవము కాదు. అయినను ఆమెను ఎరిగి, మొక్కను కన్నులార చూచి, ఆనాడే వ్రాసిన రిడ్లీ సాక్ష్యమును త్రోసిపుచ్చుటకు దశాబ్దముల పిమ్మట వినవచ్చిన కథ చాలునా? చరిత్రకారిణి నాదియా రైట్ మొదలగువారు పాత పత్రములు వెదకి ఈ ప్రశ్ననే నిలిపిరి. తుదకు 2016లో సింగపూరు అధికార సంస్థలు ఆగ్నెస్‌నే ఆ పూవు సృష్టికర్త్రిగా అంగీకరించెను. పండితుడు చేసిన ప్రయోగమును లోకము వెంటనే ప్రయోగమనును. ఇంటి స్త్రీ చేసిన ప్రయోగమును యాదృచ్ఛికమనుటకే తొందరపడును. ఆ తొందరపాటు దిద్దబడుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

వృక్షశాస్త్రజ్ఞులు ఆ జనక జాతులను వాండా కుటుంబమునుండి వేరుచేసి పాపిలియోనాంథీ యను క్రొత్త పేరు క్రింద చేర్చిరి. కావున ఆ పూవు ఇంటిపేరు మారినది. మిస్ జోవాకిం అను పేరు మాత్రము మారలేదు. ఆగ్నెస్ సమాధిఫలకము నేడు ఆమె పూజావస్త్రము కుట్టి ఇచ్చిన ఆ ఆర్మీనియను చర్చి ఆవరణలోనే యున్నది.