కాళ్ళు వణికినా కళ్ళు కోడలి మీదే!

నవ్వించడం తేలికనుకునేదాన్ని, జమ్మలమడుగులో స్టేజీ ఎక్కేదాకా. ప్రొద్దుటూరులో మా వీధి ఆడవాళ్ళం కలిసి ఒక హాస్యనాటిక నేర్చుకున్నాం. నాది గయ్యాళి అత్త వేషం. రిహార్సల్స్‌లో అందరూ పడీపడీ నవ్వారు. తీరా జమ్మలమడుగులో తెర లేచి, ఎదురుగా అన్ని మొహాలు కనిపించేసరికి నా నోరు ఎండిపోయింది. మొదటి మాటకు ఎవ్వరూ నవ్వలేదు. రెండో మాట మర్చేపోయాను. నవ్వాల్సిన చోట జనం గమ్మున కూర్చుంటే ఎంత భయమేస్తుందో ఆ రోజు తెలిసింది. ఇక ఈ వేషాలు వద్దు గాక వద్దనుకున్నాను.

మరుసటి ప్రదర్శన పులివెందులలో. ఆ ఊరి పేరు వినగానే హాస్యనటుడు పద్మనాభంగారు గుర్తొచ్చారు.

ఆయన అసలు పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. 1931 ఆగస్టు 20న పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో పుట్టారు. ఇంట్లో పెద్దలది కరణీకం. పిల్లవాడికేమో పాటలూ పద్యాలూ అంటే ప్రాణం. ఊళ్ళో టెంటు హాల్లో సినిమా చూసొచ్చి, అందులో హాస్యాన్ని అనుకరించేవారట. ఐదేళ్ళప్పుడే సొంత ఊళ్ళో, తెలిసినవాళ్ళ ముందు, చింతామణి నాటకంలో కృష్ణుడి వేషం కట్టారు.

మద్రాసు చేరాక ఆయన్ను ఆదరించింది నాటకాల నుంచి సినిమాకొచ్చిన కన్నాంబ. ఆమె, భర్త కడారు నాగభూషణం నడిపే కంపెనీలో చోటు దొరికింది. 1945 నుంచీ చిన్నాచితకా వేషాలే. 'పాతాళభైరవి' వచ్చింది 1951లో. అంటే ఎంత ఓపిక పట్టారో చూడండి!

అందులో ఎస్.వి. రంగారావు మాంత్రికుడు, ఈయన శిష్యుడు సదాజపుడు. ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని చూశాను. శిష్యుడికి గురువు మీదే ధ్యాస. నన్ను చూసి నవ్వండని అడిగినట్టు ఎక్కడా ఉండదు. నవ్వు దానంతటదే వస్తుంది. నా తప్పు అప్పుడు తెలిసింది. నేను కోడలిని వదిలేసి జనం మొహాలు చూశాను!

పద్మనాభంగారు తర్వాత సొంతంగా సినిమాలూ తీశారు. 1965లో సావిత్రితో 'దేవత' తీశారు. 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న'కు 1966 డిసెంబరులో పాడిన కొత్త కుర్రాడే ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. సినిమాకు ఆయన పాడిన మొదటి పాట అదే. 1970లో మన కడప జిల్లా కవయిత్రి మీద తీసిన 'కథానాయిక మొల్ల'కు బంగారు నంది వచ్చింది. సినిమాలు తీసి నష్టపోయినా నటన మానలేదు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు.

పులివెందులలోనూ నా కాళ్ళు వణికాయి. వణికితే వణకనీ అనుకున్నాను. కళ్ళు మాత్రం కోడలి వేషం వేసిన పక్కింటి పిల్ల మీదే పెట్టాను. ఆ పిల్ల కాఫీ గ్లాసు టక్కున కింద పెట్టిన తీరుకు నిజంగానే కోపమొచ్చింది. కసిరాను. వెనక వరసలో ఒక పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. ఆమెను చూసి పక్కనున్నవాళ్ళు, తర్వాత అందరూ!

మొదటిసారి స్టేజీ ఎక్కే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేదొకటే. చిన్న వేషమని చిన్నబుచ్చుకోకండి. ముందు తెలిసినవాళ్ళ మధ్య వేయండి. జనాన్ని కాదు, ఎదుటి పాత్రను చూడండి. భయం పూర్తిగా పోదు గానీ, మన పని మనల్ని చేసుకోనిస్తుంది.